బయటికి తెరుచుకున్న తలుపు

ఎమ్మిగనూరులో నేను పనిచేసిన సినిమా హాలు ముందు పెద్ద బోర్డు ఒకటి ఉండేది. ఒక ఏడు చలికాలంలో ఆ బోర్డు మీద మూసిన తలుపు బొమ్మ ఉండాల్సింది. దాన్ని తెరిచింది నేను. తెరిచింది ఆదోని పెయింటరని అందరూ అనుకున్నారు. ఇప్పటికీ అలా అనుకునేవాళ్ళు ఉన్నారు. ఆయన పోయి ఆరేళ్ళయింది. నాకిప్పుడు యాభై నాలుగు. ఇంతకాలం ఈ మాట బయటపెట్టకపోవడానికి కారణాలు వెతికితే చాలానే దొరుకుతాయి, వాటిలో నిలబడేది మాత్రం ఒక్కటీ లేదు.

ఒక తలుపు బొమ్మ గురించి ఇంత చెప్పడం ఎందుకని మీకు అనిపించవచ్చు. అది అర్థం కావాలంటే, ఆ రోజుల్లో మా వైపు జనం సినిమా పోస్టరును ఎలా చదివేవాళ్ళో ముందు చెప్పాలి.

మాది నేత ఇల్లు. నాన్న, అన్న మగ్గం మీద ఉండేవాళ్ళు. మగ్గం గుంటలో నా కాళ్ళు నిలవలేదు. ఇంటర్ తప్పాక కొన్నాళ్ళు తిరిగి, చివరికి హాల్లో పబ్లిసిటీ పనిలో చేరాను. గుంతకల్లు నుంచి బస్సు మీద పోస్టర్ల కట్ట వచ్చేది. దాన్ని విప్పి, ఏ గోడకు ఏ పోస్టరు పోవాలో విడదీసి, మైదా గంజి ఉడికించి, బస్టాండు దగ్గర, సంత మైదానం చుట్టూ, ఆదోని రోడ్డు పొడుగునా అంటించాలి. పోస్టరు కింద మా హాలు పేరు, ఆటల వేళలు ఉన్న చీటీ అతికించాలి. పెద్ద పోస్టరు ఆరు కాగితాలుగా వచ్చేది. వాటిని గోడ మీద కలిపేటప్పుడు వేలెడంత తేడా వస్తే హీరోయిన్ ముక్కు చెవి దగ్గరికి పోయేది. మొదటి నెలలో నేను అలాంటి ముక్కులు చాలానే అంటించాను. టీ కొట్టు వాళ్ళు పిలిచి మరీ చూపించేవాళ్ళు. "ఏమప్పా, ఈయమ్మను ఎవురు కొట్న్యారు?"

కట్ట విప్పగానే వచ్చే అచ్చు సిరా వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది. పేరు చదవకముందే అది ఏ రకం సినిమానో తెలిసిపోయేది. ఎరుపూ నలుపూ కలిసి, హీరో మొహం కాగితం అంచు దాటి, అక్షరాలు కత్తితో చెక్కినట్టు ఉంటే ఫైటింగు సినిమా. ఆకుపచ్చ పొగ ఉంటే దయ్యం సినిమా. కుటుంబ కథకు పసుపు, గులాబి, లేత నీలం. అక్షరాలకు మూలలు ఉండవు, అన్నీ గుండ్రంగా, చేత్తో రాసినట్టు ఉంటాయి. ఎవరి చేతిలోనూ ఆయుధం ఉండదు. ఎవరి చెయ్యి ఎవరి భుజం మీద ఉందో, ఎవరి భుజం మీద ఏ చెయ్యీ లేదో చూస్తే సగం కథ తెలుస్తుంది.

మిగతా సగం చూపుల్లో ఉండేది. అందరూ మన వైపు చూసి నవ్వుతుంటే అది పండగ సినిమా. భర్త ఒక పక్కకు, భార్య ఇంకో పక్కకు చూస్తూ, మధ్యలో ఉన్న పాప మాత్రమే మన వైపు చూస్తుంటే, ఆ ఇంట్లో ఏదో జరగబోతోందని అర్థం. అత్త మొహం పెద్దగా, కోడలి మొహం చిన్నగా ఉంటే ఆ కథ ఎవరి చేతిలో ఉందో ఎవరూ చెప్పక్కర్లేదు. కింద మూలన హాస్యనటుడి తల చిన్నదొకటి అతికించి ఉండేది. మొత్తం ఏడుపే కాదు, భయపడకుండా రండి అని చెప్పడం దాని పని.

మేము డబ్బాలు మోసి అంటించేవాళ్ళమే గానీ, మాకంటే బాగా చదివేవాళ్ళు వేరే ఉండేవాళ్ళు. చలి మొదలయ్యే రోజుల్లో కోసిగి వైపు నుంచి సుగ్గికి పోయే కుటుంబాలు, అంటే పని కోసం దూరపు జిల్లాలకు వలస పోయేవాళ్ళు, ఆదోని బస్టాండులో మూటల మీద కూర్చుని ఉండేవాళ్ళు. ఎదురుగా గోడ నిండా పోస్టర్లు. వాళ్ళలో చాలామందికి అక్షరాలు రావు. ఒకసారి ఇద్దరాడవాళ్ళ మాటలు విన్నాను.

"ఈ సినిమాల ఈయమ్మ సచ్చిపోతాది సూడు."

"నీకెట్ల తెల్సు?"

"బొట్టు ఎంత పెద్దగా పెట్న్యారో సూడు. బతికేదానికి అంత బొట్టు యాడ పెడ్తారు?"

ఆ సినిమాలో ఆమె నిజంగానే చచ్చిపోతుంది. నేను అప్పటికి రెండుసార్లు చూసి ఉన్నాను. బొట్టు సంగతి నాకు తట్టనే లేదు.

గోడలకు అంటించేవి అచ్చు పోస్టర్లు. హాలు ముందున్న పెద్ద బోర్డు మాత్రం చేత్తో వేసేదే. దాన్ని వేయడానికి ఆదోని నుంచి ఒకాయన వచ్చేవాడు. ఆయన ఇల్లు ఆదోని కోట కింద గుట్టవారగా ఉండేది. అందరూ ఆయన్ని బోర్డు భాయ్ అనేవాళ్ళు. నేను భాయ్ అనేవాణ్ణి. ఆయన నన్ను తమ్మీ అని పిలిచేవాడు. పొద్దున మొదటి బస్సుకు దిగి, టీ తాగి, జేబులోంచి గళ్ళు గీసిన చిన్న బొమ్మ తీసేవాడు. బోర్డు మీద సుద్ద తాడుతో అవే గళ్ళు పెద్దవి కొట్టేవాడు. ఒక్కో గడి నింపుకుంటూ పోతే సాయంత్రానికి పన్నెండడుగుల మొహం తయారయ్యేది, కింద మూలన ఆయన సంతకం. దగ్గర నిలబడితే రంగు మరకలు. రోడ్డుకు అవతల సోడా కొట్టు దగ్గర నిలబడితే ఆ మొహం ఊపిరి పీలుస్తున్నట్టు ఉండేది.

భాయ్‌కి ఒక పట్టుదల ఉండేది. సినిమా చూడకుండా బోర్డు ముట్టేవాడు కాదు. ఎమ్మిగనూరుకు వచ్చే సినిమాలు ముందు ఆదోనిలో ఆడేవి కాబట్టి అక్కడ చూసి వచ్చేవాడు. ఫైటింగు సినిమాలకు అచ్చు పోస్టరులో ఉన్నది ఉన్నట్టు వేసేవాడు. కుటుంబ కథ అయితే మాత్రం మొహాల వెనక తనదిగా ఒకటి చేర్చేవాడు. ఇంటి ముందుభాగం, దానికొక తలుపు. కథ చివరికి మంచిగా ముగిస్తే తలుపు తెరిచి, లోపల పసుపు వెలుతురు వేసేవాడు. దుఃఖంతో ముగిస్తే తలుపు మూసి వేసేవాడు. అచ్చు పోస్టర్లలో ఈ తలుపు ఎక్కడా ఉండేది కాదు. అది ఆయన పెట్టుకున్న గుర్తు.

ఎందుకని ఒకసారి అడిగాను.

"మా అమ్మీకి ముగ్గురు పిల్లోల్లు పోయినారు తమ్మీ," అన్నాడు కుంచె ఆపకుండా. "సినిమాకు పోదామంటే ఒకటే అడిగేది. ఇందుల పిల్లోల్లు సచ్చేది ఉందా అని. సెప్పేటోల్లు ఎవరుంటారు? టికెట్ ఇచ్చేటోడు సెప్పడు, పోస్టర్ సెప్పదు. నేనన్నా సెప్పాల గద."

ఆ తలుపు మా చుట్టుపక్కల ఊళ్ళకు తెలిసిపోయింది. సంత రోజు ఊరి నుంచి ఎడ్లు అమ్మడానికో బెల్లం కొనడానికో వచ్చిన మగవాడికి ఇంట్లో ఆడవాళ్ళు ఇంకో పని చెప్పి పంపేవాళ్ళు, తలుపు చూసి రమ్మని. అతను బోర్డు ముందు రెండు నిమిషాలు నిలబడి చూసి పోయేవాడు. సాయంత్రం ఊరు చేరగానే మొదటి ప్రశ్న అదే: తలుపు తీసిందా, మూసిందా? దాన్నిబట్టి ట్రాక్టరు మాట్లాడుకునేవాళ్ళు, ఎవరెవరు రావాలో, ఎవరిని ఇంట్లో ఉంచాలో అనుకునేవాళ్ళు. నెలలు నిండినవాళ్ళు, ఇంట్లో ఈ మధ్య ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్ళు మూసిన తలుపుకు వచ్చేవాళ్ళు కాదు.

అలాగని మూసిన తలుపుకు జనం రారని కాదు. దాని కోసమే వచ్చే పెద్దావిడలు ఉండేవాళ్ళు. ఒకామె టికెట్టు కిటికీ దగ్గర నన్ను అడిగింది. "ఏమప్పా, ఈ వారమన్నా మూసింది ఏసినారా?"

"లేదవ్వా, ఈసారి తీసిందే."

"మూసిందే కావాలప్పా. ఇంట్ల ఏడ్సేదానికి టైము యాడుంది?"

ఆమె వెనక్కి తిరిగి పోయింది. రెండు వారాల తర్వాత మూసిన తలుపు వేస్తే కోడళ్ళను ఇంట్లో ఉంచి తను ఒక్కతే వచ్చింది.

నేను తప్పు చేసిన సినిమా చిన్నది. అందులో పెద్ద తారలు లేరు. ఒక జంట, ఒక పాప, ఒక ఇల్లు. సినిమా సగంలో పాప జ్వరంతో పోతుంది. ఆదోనిలో నాలుగు రోజులు కూడా ఆడలేదు. కాబట్టి దాని కథ మా ఊళ్ళలో ఎవరికీ తెలియదు. అచ్చు పోస్టరు మాత్రం ఎంతో అందంగా ఉండేది. లేత నీలం నేల మీద ముగ్గురి నవ్వు మొహాలు, సగం కాగితం ఖాళీ. ఆ ఖాళీ దేనికో చూసిన వాళ్ళకు అర్థం కాదు. సినిమా చూశాక అర్థమవుతుంది. భాయ్ ఆ నవ్వులను అలాగే ఉంచి, వెనక ఇల్లు వేసి, తలుపు మూశాడు. ఆయన వేసినవాటిలో నాకు బాగా నచ్చిన బోర్డు అదే. ముగ్గురు నవ్వుతుంటే వెనక మూసిన తలుపు. చూసినవాడు కాసేపు అక్కడే ఆగిపోవాల్సిందే.

నిజంగానే ఆగారు, ఆగి వెళ్ళిపోయారు. మూడు రోజులు హాలు సగం కూడా నిండలేదు. ఈ సినిమా తెప్పిద్దామని హాలు మేనేజరుకు చెప్పింది నేను. ఆదోనిలో పోయినా మన నేతవాళ్ళు ఆదరిస్తారని గొప్పగా చెప్పాను. నాలుగో రోజు పొద్దున ఆయన బోర్డు ముందు నిలబడి నన్ను పిలిచాడు.

"ఏం రా, రెండు వారాలు ఆడతాదంటివే."

"ఆడతాది సార్. సంత రోజు చూడండి."

"మూసిన తలుపు సూసి ఎవరొస్తారు రా? ఆ సాయిబుకు సెప్పి తలుపు తెరిపీ."

ఆదోనికి పోయాను. భాయ్ ఇంటి ముందు ఒక కొట్టు బోర్డు రాస్తున్నాడు. సంగతి విని తల అడ్డంగా ఊపాడు. "నేను సినిమా సూసినోణ్ణి తమ్మీ. ఆ పాప పోతాది. నేను తలుపు తెరిస్తే, దాన్ని నమ్మి వచ్చినోల్ల మొగం నేనెట్ల సూడాల? మీ మేనేజర్‌కు సెప్పు, కావాలంటే బోర్డు మొత్తం సున్నం కొట్టి ఇంకోటి ఏస్తా. ఈ తలుపు మాత్రం తెరవను." నాకు టీ ఇప్పించి బస్సెక్కించాడు.

దారంతా నాకు కోపమే. మేనేజరు ముందు నా మాట పోతుందన్న భయం తప్ప ఆ కోపానికి వేరే కారణం లేదు. మర్నాడు పొద్దున్నే, మార్నింగ్ షోకు ముందు, స్టోరు గదిలో భాయ్ వదిలిపెట్టిన రంగు డబ్బాలు తీశాను. వెదురు నిచ్చెన వేసుకుని ఎక్కాను. మూసిన రెక్క ఉన్నచోట పసుపు పూశాను. పక్కన గోడ మీద గోధుమరంగుతో తెరిచిన రెక్క వేశాను. గంట కూడా పట్టలేదు. దిగి, సోడా కొట్టు దగ్గర నిలబడి చూసుకుంటే నాకు సంతోషమే కలిగింది. అది కూడా చెప్పకపోతే ఈ రాసింది సగమే అవుతుంది. నాకూ బోర్డు వేయడం వచ్చనుకున్నాను.

మేనేజరు వచ్చి చూసి భుజం తట్టాడు. "సాయిబు ఒప్పుకున్న్యాడా?"

"పొద్దున బస్సుకు వచ్చి ఏసి పోయినాడు సార్," అన్నాను.

నేను చెప్పిన అబద్ధం ఇది. మిగతావన్నీ దీని నుంచే పుట్టాయి.

సంత రోజున చూసినవాళ్ళు చూశారు. ఆ తర్వాతి రోజు మధ్యాహ్నానికి హాలు ముందు మూడు ట్రాక్టర్లు ఆగాయి. ఆడవాళ్ళు, పిల్లలు, చద్ది మూటలు. పక్కనున్న ఫోటో స్టూడియో ఆయన సంబరపడి, బోర్డూ జనమూ కలిసి వచ్చేలా కలర్ ఫోటో ఒకటి తీశాడు.

మ్యాట్నీలో పాప జ్వరం సీను వచ్చినప్పుడు నేను హాలు తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఆడవాళ్ళ బెంచీల వైపు నుంచి ఒక కేక వినబడింది. సినిమాలోదే అనుకున్నాను. తర్వాత బెంచీలు కదిలిన చప్పుడు. నలుగురు ఒక పిల్లను పట్టుకుని బయటికి తెచ్చారు. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. కోసిగి దారిలో ఒక ఊరి కోడలు. ఎనిమిది నెలల బిడ్డ జ్వరంతో పోయి మూడు నెలలైందట. ఇంట్లోనే కూర్చుని మాట్లాడకుండా ఉంటోందని, మనసు కాస్త తేలికపడుతుందని, తలుపు తెరిచి ఉందని తెలుసుకుని మరీ అత్త తీసుకొచ్చింది. ఆ పిల్ల మెట్ల మీద కూర్చుంది, ఏడవలేదు. "పాలకు ఏడుస్తాంటాది, ఇంటికి పోదాం పా అత్తా," అని మళ్ళీ మళ్ళీ అంటూ ఉంది. అత్త ఆమె తలను పొట్టకు హత్తుకుని నిలబడింది. వాళ్ళను దింపిన ట్రాక్టరు అప్పటికే ఊరికి తిరిగిపోయింది.

మూడు రోజులకు ఆ పిల్ల మామ వచ్చాడు. భాయ్ కూడా ఆ రోజే కొత్త సినిమా బోర్డు వేయడానికి దిగాడు. సంచి కింద పెట్టి, చాలాసేపు బోర్డు చూశాడు. నన్ను దగ్గరికి పిలిచాడు.

"తలుపు ఎవరు తీసినారు తమ్మీ?"

నేను వంగి ఆయన సంచి తీయబోయాను.

"ఇంటి తలుపు ఇట్ల తెరుసుకోదు," అన్నాడు మెల్లగా. "ఇల్లంటే లోపలికి తెరుసుకుంటాది. బయటికి తెరుసుకునేవి హాలు తలుపులు."

అప్పుడు చూశాను. నేను వేసిన రెక్క బయటికి, గోడ మీదికి తిరిగి ఉంది. రోజుకు నాలుగుసార్లు, ఆట వదిలినప్పుడల్లా నేను తోసి తెరిచే తలుపులు అవి. నా చేతికి తెలిసిన తలుపు అదొక్కటే. ఆ బోర్డు మీద భాయ్ సంతకం కింద నేను కూడా సంతకం పెట్టినంత పని చేశాను. చదవగలిగింది ఆయనొక్కడే.

అంతలో ఆ మామ వచ్చి మా ముందు నిలబడ్డాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. కోపంగా లేడు, అలిసిపోయి ఉన్నాడు. "సాయిబూ, నీ తలుపు నమ్మి పిల్లను తోలిస్తిమి. నువ్వేనా దీన్ని తీసింది?"

భాయ్ నా వైపు చూశాడు. తొందర పెట్టలేదు. నేను చెప్పడానికి కావాల్సినంత సమయం ఇచ్చాడు. వెనక మేనేజరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేను నేల చూశాను.

"బోర్డు నాది పెద్దాయనా," అన్నాడు భాయ్. "సంతకం నాది. తప్పు నాదే."

ఆ రోజు ఆయన బోర్డుకు సున్నం కొట్టాడు. కొత్త బొమ్మ వేయలేదు. మళ్ళీ ఎమ్మిగనూరుకు రాలేదు. మేనేజరు కర్నూలు నుంచి ఇంకొకరిని పిలిపించాడు. ఆయన మొహాలు బాగా వేసేవాడు, తలుపులు వేసేవాడు కాదు. సంతకు వచ్చినవాళ్ళు కొన్నాళ్ళు బోర్డు ముందు నిలబడి వెతికారు. తర్వాత మానేశారు. భాయ్ ఆదోనిలో కొట్ల పేర్లు, లారీల వెనక పూలు, బడి గోడల మీద లెక్కల పట్టికలు రాసుకుంటూ బతికాడు. ఆదోనికి పోయినప్పుడల్లా ఆయన ఇంటి వీధికి ముందు వీధిలోనే నేను మలుపు తిరిగేవాణ్ణి.

తర్వాత ఫ్లెక్సులు వచ్చాయి. హాలు మూతపడింది. చివరికి నేనే ఎమ్మిగనూరులో ఫ్లెక్స్ ప్రింటింగు షాపు పెట్టాను. పుట్టినరోజులు, జాతరలు, నాయకులకు స్వాగతాలు. సినిమాలవి ఎప్పుడో ఒకటి. పోస్టర్లు ఇప్పుడు ఫోన్లోనే వస్తాయి. మా అమ్మాయి చూపిస్తుంటుంది. ఇప్పటి కుటుంబ కథకు పసుపూ గులాబీ లేవు. బూడిద రంగు, మసక వెలుతురు, కిటికీ దగ్గర వీపు తిప్పుకుని ఒక మనిషి, కింద చీమల్లాంటి అక్షరాలు. "చాలా బాగుంది కదా నాన్నా," అంటుంది. బాగుంది. ఆ వీపు చూసి ఎవరో పోయారని నేను కూడా చెప్పగలను. అయితే బాలింతను తీసుకుపోవచ్చా లేదా అని మాత్రం అది చెప్పదు. చెప్పాలని ఎవరూ అనుకోవడం లేదు.

ఈ ఏడు ఎండలు మొదలవుతుండగా భాయ్ కూతురు షాపుకు వచ్చింది. ఆదోనిలో బడిలో డ్రాయింగు టీచరు. నలభై ఏళ్ళు ఉంటాయి. తండ్రి చేతిరాతలు, గళ్ళ కాగితాలు, దొరికిన ఫోటోలు కలిపి బడి హాల్లో ప్రదర్శన పెడుతోందట. నేనెవరో తెలిసే వచ్చింది.

"అన్నా, దీన్ని ఆరడుగులు చేసియ్యాల," అని కవరులోంచి ఒక ఫోటో తీసింది. "స్టూడియో వాల్లు పాతవన్నీ పారేస్తాంటే దొరికింది. మా అబ్బా ఏసిన బోర్డుల్లో కలర్ ఫోటో ఇదొక్కటే."

స్కాన్ చేసి తెర మీదికి తెచ్చాను. ట్రాక్టర్లు, ఆడవాళ్ళు, పైన మూడు నవ్వులు, వెనక నా తలుపు. ముప్ఫై ఏళ్ళ తర్వాత చూస్తున్నాను. ఆ పసుపు ఏమాత్రం వెలిసిపోలేదు.

ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "తలుపు సూసినావా అన్నా? అబ్బా గీసిన కాగితాల్లో అన్నీ లోపలికే ఉన్న్యాయి. ఇదొక్కటే బయటికి ఉంది. ఆ పొద్దు ఒంట్ల బాగలేదేమో, తొందరల్ల ఏసినాడేమో." కాస్త ఆగి అంది. "ఈ బోర్డు గురించి ఒక మాట కూడా విన్న్యా. అబ్బా తప్పు తలుపు ఏసినాడని, ఒక ఆడమనిషికి మతి సెదిరేంత పనయిందని. నువ్వు ఆడనే పని సేస్తాంటివి గద. నిజమేనా?"

గుర్తు లేదమ్మా అంటే సరిపోయేది. ప్రింటు ఇచ్చి పంపేస్తే ఆరడుగుల అబద్ధం ఆ తండ్రి పేరు మీద బడి గోడకు ఎక్కేది. పిల్లలు దాని ముందు నిలబడి నోట్సు రాసుకునేవాళ్ళు.

చెప్పాను. నిచ్చెన, డబ్బాలు, మేనేజరుకు చెప్పిన మాట, నేల చూసి నిలబడడం, అన్నీ చెప్పాను. ఆమె తెర వైపే చూస్తూ వింది. అయ్యాక, తలుపు దగ్గర పెద్దది చేసి చూపించమంది. చేశాను. నా కుంచె గీతలు ఒక్కొక్కటీ కనబడ్డాయి.

"ఎమ్మిగనూరు పని ఎందుకు ఇడ్సినావని మా అమ్మీ సచ్చేదాకా అడిగింది," అంది. "ఆడ రంగులు బాగలేవు అనేవాడు." ఆమె ఫోటోను తిరిగి కవరులో పెట్టుకుంది. "ఇప్పుడు నాకు సెప్పినట్ల కాదు, తెలీనోల్లకు అర్థమయ్యేటట్ల రాసియ్యన్నా. ఫోటో పక్కన పెడ్తా. ఆయమ్మ ఉందా ఇప్పుడు?"

ఉందని విన్నానని చెప్పాను. వచ్చే ఆదివారం తనతో రమ్మంది. రానని చెప్పే హక్కు నాకు లేదు.

కోసిగి బస్సు దిగి కొంచెం నడిచాం. ఆనాటి ఆ కోడలు ఇంటి ముందు చేట పెట్టుకుని శనక్కాయలు ఒలుస్తోంది. యాభై దాటాయి, జుట్టు సగం నెరిసింది. లోపలి నుంచి మనవరాలి మాటలు వినబడుతున్నాయి. భాయ్ కూతురు తనెవరో చెప్పగానే ఆమె చేతులు ఆగిపోయాయి. తర్వాత నేను చెప్పాను. ఈసారి తొందరగానే అయిపోయింది. చెప్పాల్సింది నిజానికి కొంచెమే.

ఆమె చేటలోంచి ఒక కాయ తీసి, ఒలవకుండానే పక్కన పెట్టింది.

"ఆయప్ప ఈడికి వచ్చినాడు," అంది చివరికి, భాయ్ కూతురితో. "మీ నాయన. ఆ సినిమా అయిన వారానికి. వాకిట్ల ఎండలో నిలబడ్న్యాడు. నా తప్పే తల్లీ అన్న్యాడు. మా అత్త కూసోమనలేదు. నేను లోపల్నుంచి సూస్తాంటి. బయటికి రాల్యా. సెంబు నీల్లు కూడా ఇయ్యల్యా."

నాకు ఆ సంగతి తెలియదు. భాయ్ కూతురికీ తెలియదు. ఆయన బస్సు దిగి మేము వచ్చిన దారినే నడిచి వచ్చి ఉంటాడు. చెయ్యని తప్పుకు క్షమాపణ అడిగి, దాహంతో అదే దారిన తిరిగి పోయి ఉంటాడు. ఈమెను ఏడిపించాను, ఆయన పేరు చెడగొట్టాను, అంతేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఈమె చేత కూడా ఒక తప్పు చేయించాను. ఆమె దాన్ని ముప్ఫై ఏళ్ళు తన తప్పని తెలియకుండానే మోసింది, ఈ పొద్దు తెలిసింది.

"క్షమించమని అడగడానికి రాలేదమ్మా," అన్నాను. "నీకు తెలియాలని వచ్చినాను."

ఆమె చేటలో గింజలు పక్కకు తోసింది. కాసేపటికి మొదటిసారి నా వైపు చూసింది.

"ఆ సినిమా ఆఖర్న ఏమయితాది? నేను మధ్యల్నే లేస్తి. మల్ల యాడా సూల్లేదు."

చెప్పాను. పాప పోయాక భార్యాభర్తలు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. తప్పు నీదంటే నీదని అనుకుంటారు. చివరికి ఒక పొద్దున ఆమె ఇల్లు ఊడ్చి, పాప గౌను ఒకటి సంచిలో పెట్టుకుని, తలుపు మూసి తాళం వేస్తుంది. అతను బయట నిలబడి ఉంటాడు. ఆమె చేతిలోని సంచి తను తీసుకుంటాడు. అంతే.

"ఇద్దురూ కలిసే పోతారా?"

"కలిసే పోతారమ్మా."

ఆమె ఒడిలో పడిన పొట్టు దులుపుకుంది.

"అయితే తలుపు మూసేదే సరి," అంది. "మీ నాయన సరిగ్గానే ఏసినాడు." ఆ మాట నాతో కాదు, ఆయన కూతురితో. తర్వాత మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. "కూసో తల్లీ, కాల్లు కడుక్కుందువు," అని నీళ్ళకు లోపలికి పోయింది.

నన్ను కూర్చోమనలేదు. నేను వాకిట్లోనే నిలబడ్డాను.